ఇంటికి వచ్చిన చికిత్స

శరీరానికి జ్వరం వస్తే నలుగురికీ చెప్పుకొంటాము. మనస్సుకు జ్వరం వస్తే నలుగురికీ తెలియకుండా దాచుకొంటాము. ఇది లోకరీతి. నేనూ ఆ లోకంలోని వాడినే. పదిహేనేండ్ల పాటు నాలో దాచుకొన్న ఒక విషయాన్ని ఈ వార్షిక సంచికలో వ్రాయ సాహసిస్తున్నాను. సంపాదకవర్గం వారు నా నుండి ఏ ప్రబంధకవిని గూర్చిన వ్యాసమో ఆశించి ఉంటారు. ఈ ఒక్క సంవత్సరానికి నన్ను మన్నించవలసిందిగా కోరుతున్నాను.

నా విద్యార్థులు ఒక సంగతి గమనించే ఉంటారు. పోతనామాత్యుని భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షం పాఠ్యభాగంగా వచ్చిన ప్రతి సంవత్సరమూ, "అందరికీ తెలిసిన కథే గదా, ఇంటివద్ద చదువుకొని రండి" అని చెప్పి తరువాతి పాఠానికి పోయేవాడిని. ముస్లిమును గనుక ఆ భక్తిఘట్టాన్ని దాటవేస్తున్నానని ఎవరైనా అనుకొని ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. కాని నిజం అది కాదు. పోతన పద్యాల మీది మమకారమే నన్ను తెలుగు ఎం.ఏ. వైపు నడిపించింది. నన్ను ఆపినది ఆ కథలోని భక్తి కాదు, అందులోని మడుగు. నీటిలో ఒక ప్రాణి పట్టుబడి, విడిపించుకోలేక, క్రమంగా బలం తరిగిపోతూ ఉండటాన్ని తరగతి ఎదుట నిలబడి వర్ణించటం నా వల్ల కాలేదు. ఎందువల్ల కాలేదో చెప్పాలంటే 2009వ సంవత్సరానికి వెళ్లాలి.

అప్పుడు నేను కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను. శిరివెళ్ల నుండి వెళ్లిన నాకు పాతబస్తీలో, హంద్రీ వాగుకు సమీపాన, ఒక ఇంటి మేడమీది గది అద్దెకు దొరికింది. క్రింది వాటాలో ఒక వృద్ధ దర్జీ ఉండేవారు. వీధి వారందరూ ఆయనను చాచా అనేవారు. నేనూ అట్లే పిలిచేవాడిని. నా ప్యాంట్లు బిగుతైతే కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చేవారు. డబ్బులియ్యబోతే, "నౌకరీ వచ్చినాక ఇద్దువులే బేటా, వడ్డీతో సహా తీసుకొంటా" అని నవ్వేవారు.

కర్నూలు తుంగభద్రా హంద్రీ నదులు కలిసే చోట వెలసిన పట్టణం. ఆ సంవత్సరం సెప్టెంబరు నెలాఖరున కర్ణాటకలోనూ, రాయలసీమలోనూ ఎడతెగని వానలు కురిశాయి. అక్టోబరు 2వ తేదీన నగరం మునిగింది. ఆ వరదలలో దిగువనున్న శ్రీశైలం జలాశయానికి చేరిన ప్రవాహం సుమారు 25 లక్షల క్యూసెక్కులని తరువాత పత్రికలలో చదివాను. ఆనాడు మాత్రం నాకు తెలిసినది మా ఇంటి మెట్ల లెక్క ఒక్కటే. పన్నెండు మెట్లలో ఐదు మునిగాయి; ఆరవది మునుగుతున్నది.

చాచాను మేడమీదికి చేర్చాము. కాని ఆయన గుండెమందులూ, కళ్లజోడూ క్రిందనే ఉండిపోయాయి. వద్దన్నా వినక, "చిటికెలో వస్తా" అని దిగారు. నడుములోతు నీటిలో నడిచి వాటిని తీసుకొన్నారు కూడా. తిరిగి మెట్ల దగ్గరకు వచ్చేసరికి వీధి తలుపు విరిగి నీరు ఒక్కపెట్టున లోపలికి వచ్చింది. నేను ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకొని రెండవ చేయి అందించాను. ఆయన చేయి నా చేతిలోకి వచ్చింది. పట్టుకొన్నాను. ఎంతసేపు పట్టుకొన్నానో తెలియదు. తరువాత నా చేతిలో ఆయన చేయి లేదు.

నీరు తీసిన తరువాత, మూడవ నాడు, ఆయన దొరికారు. జనాజాకు నేనూ భుజం పట్టాను. ఆయన కుమారుడు నన్ను కౌగిలించుకొని, "నువ్వు దగ్గర ఉన్నావు, అదే మాకు చాలు" అన్నాడు. ఆ ఓదార్పు నాకు శిక్షవలె వినిపించింది.

చదువు పూర్తి చేశాను. ఎం.ఏ. చేశాను. ఉద్యోగం వచ్చింది, వివాహమైంది, కూతురు పుట్టింది. బయటికి ఏ లోటూ లేదు. కాని ట్యాంకు నిండి నీరు పొర్లే చప్పుడు వింటే నా కుడిచేయి దానంతటదే బిగుసుకొనేది. రాత్రివేళ వాన మొదలైతే లేచి కూర్చునేవాడిని. ఊరికి వచ్చినా తుంగభద్ర నన్ను విడువలేదు. సుంకేసుల వద్ద బయలుదేరే కె.సి. కాలువ ఆ నదినీటినే మా నంద్యాల ప్రాంతపు వరిమళ్లకు తెస్తుంది. కాలువకు నీరు వదిలారంటే రైతులకు పండుగ. నాకు నాలుగు రోజులు నిద్ర ఉండేది కాదు. అన్నిటికంటె సిగ్గుపడవలసిన మాట ఒకటి ఉన్నది. నా కూతురికి నేను ఏనాడూ స్నానం చేయించలేదు. తడిసిన చిన్న చేయి నా చేతిలో నుండి జారుతుందేమోనన్న భయం. "ఆడపిల్ల పనులు తల్లి చూచుకోవాలి" అని పెద్దరికంగా పలికి తప్పించుకొనేవాడిని.

ఇట్లా ఎంతకాలం గడిచేదో గాని, ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న నన్ను కదిలించింది. అతని తండ్రి పొలంలో మోటారు దగ్గర కరెంటు తగిలి ఇతని కన్నుల ఎదుటనే మరణించాడు. నెల రోజుల తరువాత కళాశాలకు వచ్చిన ఆ అబ్బాయిని పిలిచి, పెద్దలందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను: "మనసు గట్టి చేసుకో నాయనా." అతడు తలవంచుకొని, "ఎట్ల చేసుకోవాల సార్?" అని అడిగాడు. అందులో ధిక్కారం లేదు. తెలిసినవారు చెబుతారేమోనన్న ఆశ ఉన్నది. నాకు తెలిస్తే గదా చెప్పటానికి.

ఆ సాయంకాలమే నంద్యాలలో వైద్యుడైన బాల్యమిత్రునితో మొదటిసారి అన్నీ చెప్పాను. అతడు విని, "దీనికి పేరున్నది, చికిత్సా ఉన్నది" అన్నాడు. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అన్న పేరుతో 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో చేర్చిన స్థితి ఇది. ఘోరమైన ఆపదను ఎదుర్కొన్న వారిలో కొందరికి ఆ సంఘటన గడిచిపోయినదిగా గాక, ఇప్పుడే జరుగుతున్నదిగా తోస్తూ ఉంటుంది. అతడు సూచించిన చికిత్స పేరు ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. పొడి అక్షరాలలో ఇ.ఎం.డి.ఆర్. స్థూలంగా చెప్పాలంటే, కనుల కదలికల తోడ్పాటుతో బాధాకరమైన స్మృతి తీవ్రతను తగ్గించి, ఆ స్మృతిని మనస్సులో తిరిగి సర్దుకొనే పద్ధతి.

దీని పుట్టుక విచిత్రమైనది. 1987లో ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికన్ మహిళ ఒక ఉద్యానవనంలో నడుస్తూ, తనను వేధిస్తున్న ఆలోచనల తీవ్రత తగ్గటాన్నీ, ఆ సమయంలో తన కన్నులు అటూ ఇటూ వేగంగా కదలటాన్నీ గమనించింది. ఆ పరిశీలనను పద్ధతిగా రూపొందించి 1989లో తన మొదటి అధ్యయనాన్ని ప్రకటించింది. తదుపరి అది ఎనిమిది దశల చికిత్సగా స్థిరపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వెలువరించిన మార్గదర్శకాలలో ఈ స్థితికి సూచించిన చికిత్సలలో ఇదీ ఒకటి. మన దేశంలో 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపం తరువాత, బాధితులకు సాయపడే నిమిత్తం విదేశాల నుండి వచ్చిన నిపుణులు ఇక్కడివారికి ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చారు.

కనుల కదలిక ఎందుకు పనిచేస్తుందన్న విషయంలో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. మనస్సు ఒకేసారి మోయగలిగిన బరువుకు పరిమితి ఉన్నదనీ, బాధాకర దృశ్యాన్ని తలచుకొంటూనే కదిలే చుక్కను అనుసరిస్తే ఆ దృశ్యానికి మిగిలే బలం తగ్గుతుందనీ కొందరంటారు. కన్నుల కదలికకు ప్రత్యేక ప్రభావమేమీ లేదు, భయపడిన జ్ఞాపకాన్ని సురక్షితంగా తిరిగి ఎదుర్కొనటమే మందు అని మరికొందరంటారు. నేను సాహిత్య విద్యార్థిని. తీర్పు చెప్పే అర్హత లేదు. జరిగినది మాత్రం చెప్పగలను.

శిరివెళ్ల నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ ఉన్నది. మా ఊరిలో ఈ చికిత్స చేసేవారు లేరు. హైదరాబాదుకు ప్రతి వారమూ పోయి రావటానికి సెలవులు చాలవు, డబ్బూ చాలదు. 2020లో కోవిడ్ కారణంగా ఇండ్లలో చిక్కుకొన్న కాలం నుండి మానసిక చికిత్సలు దృశ్యశ్రవణ సాధనాల ద్వారా జరగటం ఎక్కువైంది. అట్లా హైదరాబాదులోని ఒక మనస్తత్వ నిపుణురాలు అక్కడ కూర్చుని, నేను ఇక్కడ మా వెనుక గదిలో కూర్చుని, ఆదివారం ఉదయాలలో చికిత్స జరపటానికి నిశ్చయమైంది.

మొదటి రెండు వారాలు కన్నుల ప్రసక్తే లేదు. నా పూర్వవృత్తాంతమంతా అడిగారు. మా ఇంటి చిరునామా, అవసరమైతే పిలువదగిన మనిషి ఫోను నంబరు తీసుకొన్నారు. మధ్యలో సంబంధం తెగిపోతే ఏమి చేయాలో ముందే చెప్పించి వల్లె వేయించారు. ఫోను తెర చాలదన్నారు. తోటి అధ్యాపకుని ల్యాప్‌టాప్ అరువు తెచ్చి ఇనుప పెట్టె మీద పెట్టుకొన్నాను. భయం హద్దు మీరినప్పుడు తలచుకొనటానికి ఒక ప్రశాంత స్థలాన్ని ఎంచుకొమ్మన్నారు. మా మేడమీద నుండి తూర్పున కనబడే నల్లమల కొండల వరుసను ఎంచుకొన్నాను.

మూడవ వారం అసలు పని మొదలైంది. ఆ రాత్రికి సంబంధించి అన్నిటికంటె బాధించే దృశ్యమేదని అడిగారు. ఖాళీ అయిన నా అరచేయి అన్నాను. దానిని చూస్తే నిన్ను గురించి నీకు కలిగే మాట ఏదని అడిగారు. పదిహేనేండ్లుగా తెలుగు పాఠాలు చెప్పటమో చదవటమో చేస్తున్న నాకు తెలుగులో మాట దొరకలేదు. ఇంటి భాషలో వచ్చింది: "మైఁ హాత్ ఛోడ్ దియా." నేనే చేయి వదిలేశానని. మన ఉర్దూ శాఖ మిత్రులు ఆ వాక్యంలో వ్యాకరణ లోపాన్ని పట్టుకొంటారు. దుఃఖం వ్యాకరణం చూచుకొని రాదు. ఆమెకు ఆ భాష అర్థం కావటం నా అదృష్టం. బాధ ఎంత ఉన్నదో సున్నా నుండి పది లోపల అంకె చెప్పమన్నారు. తొమ్మిది అన్నాను. దాని స్థానంలో ఏమని నమ్మదలచుకొన్నావని అడిగారు. "నాకు చేతనైనంత చేశాను" అన్నాను. ఆ మాట ఎంత నిజమనిపిస్తున్నదో ఒకటి నుండి ఏడు లోపల చెప్పమంటే, రెండు అన్నాను.

తెర మీద ఒక చుక్క ఎడమ నుండి కుడికి, కుడి నుండి ఎడమకు కదలసాగింది. తల కదలకుండా కన్నులతో దానిని అనుసరించాలి. అర నిమిషమో, అంతకు కొంచెం ఎక్కువో గడిచాక ఆగి, "ఇప్పుడేమి కనబడుతున్నది?" అని అడిగేవారు. చెప్పిన దానికి వ్యాఖ్యానం చేసేవారు కారు. "దానితోనే సాగండి" అని మళ్లీ చుక్కను కదిలించేవారు. ఇది సమ్మోహన విద్య కాదు. నాకు ఒళ్లంతా తెలుస్తూనే ఉన్నది. మొదటి నాడు ఏడ్చాను. గది బయట కూర్చున్న మా అమ్మీ తలుపు సందులోంచి చూచి, "కాయ్‌కు రోతా బేటా, ఉస్ డబ్బే కో దేఖ్‌కే?" అన్నది. ఆ డబ్బాను చూచి ఎందుకు ఏడుస్తున్నావని. నిపుణురాలు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇంటివద్ద చికిత్సలో ఒక కష్టం ఉన్నది. వైద్యశాలలో అయితే బాధను అక్కడ దించి బస్సు ఎక్కి రావచ్చు. ఇక్కడ తెర ఆరిన వెంటనే అదే గది, అదే గోడ, ప్రక్కన వంటగదిలో కుక్కరు కూత. అందుకని ఆమె ఒక నియమం పెట్టారు. చికిత్స ముగియగానే ఆ కుర్చీని గోడవైపు త్రిప్పి పెట్టి, అరగంట పొలాల వెంట నడిచి రావాలి. అట్లే చేసేవాడిని.

అయిదవ ఆదివారం మేము భయపడినదే జరిగింది. నేను మెట్ల మీద ఉన్నాను, అంటే నా మనస్సు ఆ మెట్ల మీద ఉన్నది. నీరు పైకి వస్తున్నది. సరిగ్గా అప్పుడు ఊరిలో కరెంటు పోయి ఇంటర్నెట్టు కూడా తెగిపోయింది. తెర మీది చుక్క ఆగిపోయింది. ఆమె ముఖం మాయమైంది. నా ఊపిరి అందలేదు. ముందు అనుకొన్న ప్రకారం నా భార్య వచ్చి ప్రక్కన కూర్చుంది. నిమిషంలోపే ఫోను మ్రోగింది. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా వేసుకొని, ఒక భుజం తరువాత ఒక భుజాన్ని మెల్లగా తట్టుకొమ్మన్నది నిపుణురాలు. సీతాకోకచిలుక ఆలింగనమని దీనికి పేరు. మెక్సికోలో 1997 నాటి తుపాను బాధితులైన పిల్లల కోసం లూసినా ఆర్టిగాస్ అనే ఆమె 1998లో రూపొందించిన పద్ధతి. చీకటి గదిలో నేను భుజాలు తట్టుకొంటూ, ఫోనులోని గొంతుకు సమాధానాలు చెబుతూ ఉన్నాను. చాచా మందుల కోసం దిగటం దగ్గర నుండి అరచేయి ఖాళీ కావటం వరకు చెప్పాను. నా భార్య అదంతా విన్నది. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆమె వినటం అదే మొదలు.

చాలాసేపటికి, "పాపకు స్నానం అందుకేనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. ఆమెకు నా మీద ఎన్నేండ్ల నుండి ఏ అపోహ ఉండేదో ఆ ఒక్క ప్రశ్నలో నాకు తెలిసింది. దూరాన ఉన్న వైద్యశాలకు పోయి ఉంటే ఈ సంభాషణ జరిగేది కాదు. బాధను నేను దాచినది ఇంట్లో. అది బయటపడవలసిన చోటు కూడా ఇల్లేనేమో.

ఆ తరువాతి వారాలలో జ్ఞాపకం మారిందని చెప్పలేను, పెద్దదైంది. అంతవరకు ఆ రాత్రి అంతా ఒక అరచేతికి కుదించుకొని ఉండేది. ఇప్పుడు మిగతా రాత్రి కనబడసాగింది. గొంతు పోయేదాకా నేను కేకలు వేయటం, ప్రక్క మేడ మీది ఒక తల్లి చీర విసిరి ప్రయత్నించటం, తెల్లవారిన తరువాత ముక్కూ మొగమూ తెలియనివారు రొట్టె ముక్కలు పంచుకొనటం గుర్తుకు వచ్చాయి. ఇరవై ఏండ్ల, ఈత రాని కుర్రవాడొకడు కమ్మీ పట్టుకొని నిలబడటమూ కనబడింది. వాడి మీద నాకు మొదటిసారి జాలి కలిగింది. అన్నిటికంటె విలువైనది మరొకటి: చాచా బ్రతికి ఉన్నప్పటి ముఖం. పదిహేనేండ్లుగా ఆయన చేయి తప్ప ముఖం నాకు గుర్తుకు వచ్చేది కాదు. ఇప్పుడు కుట్టుమిషను మీద వంగి, నోట్లో దారం పెట్టుకొని, వడ్డీతో సహా తీసుకొంటానని నవ్వే ముఖం కనబడుతున్నది.

పది ఆదివారాలకు తొమ్మిది అన్న అంకె ఒకటికి దిగింది. సున్నా కాలేదు. ఒక మనిషి పోయిన చోట ఒకటి మిగలటం న్యాయమేనని నేనంటే ఆమె కాదనలేదు. "చేతనైనంత చేశాను" అన్న మాట ఏడుకు రాలేదు గాని ఆరుకు వచ్చింది.

అందరికీ ఇట్లే జరుగుతుందని నేను చెప్పను. ఇది మంత్రం కాదు. ఫీజు నా జీతానికి బరువే అయింది. ఎవరో చూపిన చుక్కను చూచి ఎవరికి వారు ఇంట్లో చేసుకోదగిన పని అంతకంటె కాదు; చేసేవారి చదువు, శిక్షణ విచారించి మరీ చేరాలి. డబ్బు లేనివారికి మొదటి మెట్టుగా కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ ఉన్నది. 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వారు ఈ చికిత్స చేస్తారని కాదు. వినేవారుంటారు, తరువాత ఎక్కడికి పోవాలో చెబుతారు. ఇక సబర్ గలవారికి మందెందుకని అడిగే పెద్దలున్నారు. జ్వరానికి మందు వేసుకొనటం సబర్‌కు విరుద్ధం కానప్పుడు ఇదీ కాదు. మా అమ్మీ ఇప్పుడు ఆ మాటే తన తోటివారికి చెబుతున్నది, ఆ డబ్బాను గూర్చి.

ఈ సందర్భంలో కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. చికిత్సకు నాకు కావలసి వచ్చినది ఒక గది, మూసుకొనే తలుపు, ఒక కుర్చీ. మన విద్యార్థులలో చాలామంది ఇండ్లలో ఆ మూడూ ఉండవు. ఒకే గదిలో అయిదారుగురు ఉండే ఇంట్లో నుండి ఏ పిల్లవాడు తన భయాన్ని ఫోనులో చెప్పుకోగలడు? గ్రంథాలయం ప్రక్కన పాత బెంచీలు పడవేసిన గది ఒకటి ఉన్నది. దానిని శుభ్రం చేయించి, ఒక కుర్చీ వేయించి, లోపల గడియ పెట్టిస్తే చాలు. ఖర్చు స్వల్పం.

ఈ సంవత్సరం గజేంద్రమోక్షం పాఠం చెప్పాను. మడుగు దగ్గరకు వచ్చేసరికి గొంతు కొంచెం తడబడిన మాట నిజం. ఆగి, మంచినీళ్లు త్రాగి, సాగించాను. పీరియడు ముగిసిన తరువాత వెనుక బెంచీ నుండి ఆ అబ్బాయి వచ్చి నిలబడ్డాడు. మనసు గట్టి చేసుకొమ్మని ఈసారి చెప్పలేదు. "ఎట్ల అని అడిగినావు గదా, నాకు కొంచెం తెలిసింది, కూర్చో" అన్నాను.

ఇంటికి పోయేసరికి మా పాప బురద కాళ్లతో ఎదురువచ్చింది. బకెట్టులో నీళ్లు తోడి ఆమె చేతులు నేనే కడిగాను. సబ్బు నురుగుకు ఆ చేయి రెండుసార్లు జారింది. రెండుసార్లూ పకపక నవ్వి మళ్లీ అందించింది.